గన్నవరం నుంచి ఢిల్లీ: 1,390 కిలోమీటర్లకు రెండున్నర గంటలెందుకు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మగారు అడిగిన ప్రశ్న ఇది. జనవరి రెండో వారంలో వాళ్ళబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది, మధ్యాహ్నం రెండు గంటలకు. విజయవాడ నుంచి ఢిల్లీకి దూరం ఎంత అని వెతికితే ఒకచోట 1,390 అనీ, ఒకచోట 864 అనీ, మరోచోట 751 అనీ, ఇంకోచోట 1,750 అనీ కనిపించాయట. విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైనే పోతుందంటారు, ఆ లెక్కన గంటా నలభై నిమిషాల్లో చేరాలి, టికెట్‌లో మాత్రం దాదాపు రెండున్నర గంటలు అని ఉంది, ఇందులో ఏది నిజం, ఆ రోజు పొద్దున్నే బయలుదేరితే అబ్బాయి అందుకుంటాడా అని అడిగారు.

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. అదే రోజు పొద్దున పంపకండి. ముందు రోజు మధ్యాహ్నం విమానం ఎక్కించండి. కారణాలు చెప్పడానికి కొంచెం తీరిక కావాలి. ఇరవై ఆరేళ్ళు విమానాల డిస్పాచ్ పని చేశాను. అంటే ఏ దారిన వెళ్ళాలి, ఎంత ఇంధనం పోయాలి, అక్కడ దిగడానికి వీలుకాకపోతే ఎక్కడికి మళ్ళాలి అని లెక్కలు కట్టి పైలట్ చేతికి కాగితాలిచ్చే పని. ఇప్పుడు విజయవాడ పటమటలో విశ్రాంతిగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

మీకు కనిపించిన నాలుగు సంఖ్యలూ నిజమే. విజయవాడకు ఉన్న గన్నవరం విమానాశ్రయం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఢిల్లీ విమానాశ్రయం సుమారు 28.6 డిగ్రీల అక్షాంశం, 77.1 డిగ్రీల రేఖాంశం మీద. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఉత్తరానికి పన్నెండు డిగ్రీల పైచిలుకు వెళ్ళాలి కాబట్టి అది 1,336 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి. మన దారి మధ్యలో ఒక డిగ్రీకి సుమారు 103 కిలోమీటర్లే వస్తుంది. పడమటికి 3.7 డిగ్రీలు, అంటే 380 కిలోమీటర్లు. ఇక మీ అబ్బాయి పదో తరగతిలో చదివిన పైథాగరస్ సూత్రమే. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1,390కి అటూ ఇటూ తేలుతుంది. భూమి గుండ్రం కాబట్టి కచ్చితమైన లెక్కకు వేరే సూత్రం ఉంది. ఇంత దూరానికి ఈ చేతి లెక్క కూడా ఒకటి రెండు కిలోమీటర్ల తేడాలో సరిపోతుంది. పాత అట్లాసు ఒకటి, కాగితం ముక్క ఒకటి ఉంటే ఏ రెండు ఊళ్ళకైనా వేసుకోవచ్చు.

ఆ 1,390 కిలోమీటర్లనే మామూలు మైళ్ళలో చెబితే 864. విమానాలవాళ్ళు, ఓడలవాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలో చెబితే 751. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. అక్షాంశంలో డిగ్రీని అరవై నిమిషాలుగా విభజిస్తే అందులో ఒక నిమిషానికి దాదాపు సమానం. పటం మీద డిగ్రీలు చూసి దూరం చెప్పేయవచ్చు గనుక మా రంగంలో ఈనాటికీ అదే నడుస్తోంది. ఇంటర్నెట్‌లో చాలామంది ఏ కొలత అన్నది రాయకుండా సంఖ్య మాత్రం పెడతారు, తికమకంతా అక్కడే. ఇక 1,750 అన్నది రైలు దూరం. వరంగల్, బల్లార్షా, నాగపూర్, భోపాల్, గ్వాలియర్, ఆగ్రాల మీదుగా వెళ్ళే పట్టాల పొడవు అది. ఆ దారిలో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటి వేగమైన రైలుకు కూడా విజయవాడ నుంచి ఒక పగలూ ఒక రాత్రీ, 26 గంటలకు అటూ ఇటూ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని బళ్ళో చెప్పారు, తప్పేమీ లేదు. కానీ టికెట్ మీద వేసేది గాల్లో ఎగిరిన కాలం కాదు. విమానం నిలబెట్టినప్పుడు కదలకుండా చక్రాలకు అడ్డంగా దిమ్మెలు పెడతారు, వాటిని చాక్స్ అంటాం. ఇక్కడ చాక్స్ తీసిన క్షణం నుంచి అక్కడ చాక్స్ పెట్టిన క్షణం దాకా అయ్యే మొత్తం కాలానికి బ్లాక్ టైమ్ అని పేరు. మీ టికెట్‌లో ఉన్నది అది. బస్సు గుంటూరు స్టాండులో వెనక్కి తీయడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కేసినట్టు అనుకోండి.

గన్నవరంలో విమానాన్ని వెనక్కి నెట్టి, ఇంజిన్లు తిప్పి, రన్‌వే చివరకు చేర్చడానికి పది నిమిషాలు. ఇక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, పొడిగించాక 3,360 మీటర్లు. ఢిల్లీ ఉన్నది ఉత్తరాన. కాబట్టి గాలిని బట్టి విజయవాడ వైపుకో, ఏలూరు వైపుకో లేచి, తరవాత ఉత్తరానికి తిరగాలి. పది వేల అడుగులు దాటేదాకా 250 నాట్లకు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్ళకు, మించకూడదన్న నియమం ఒకటి. ముప్పై అయిదు వేల అడుగులకు చేరేసరికి ఇరవై నిమిషాలు అయిపోతాయి, ఈలోగా దాదాపు రెండు వందల కిలోమీటర్లు గడుస్తాయి. మీరు విన్న 800 పైచిలుకు వేగం అంతా అక్కడి నుంచి మొదలు. ఎయిర్‌బస్ 320 రకం విమానం ఆ ఎత్తులో గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతుంది. ఏటూరునాగారం ప్రాంతంలో గోదావరి దాటి, నాగపూర్‌కు కాస్త తూర్పుగా, సాగర్ మీదుగా గ్వాలియర్ దిక్కుకు సాగే ఈ మధ్య భాగం తొమ్మిది వందల యాభై కిలోమీటర్లనుకుంటే డెబ్బై నిమిషాలు. మొత్తం ప్రయాణంలో పూర్తి వేగంతో పోయేది ఆ డెబ్బై నిమిషాలే.

దిగడానికి మాలో ఒక చేతి లెక్క ఉంది. ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణిస్తే, ఎన్ని నాటికల్ మైళ్ళ ముందు నుంచి కిందికి దిగడం మొదలుపెట్టాలో వస్తుంది. ముప్పై అయిదు మూళ్ళు నూట అయిదు. అంటే ఢిల్లీ ఇంకా రెండు వందల కిలోమీటర్లు ఉండగానే, ఆగ్రాకు ముందే ఇంజిన్ల శబ్దం తగ్గుతుంది, చెవులు మూసుకుపోతాయి. అక్కడి నుంచి పాతిక నిమిషాలు. పైగా ఢిల్లీకి నాలుగు వైపుల నుంచీ విమానాలు వచ్చి పడుతుంటాయి. వాటన్నిటినీ ఒకదాని వెనక ఒకటిగా వరసలో పెట్టడానికి, నేల మీద నుంచి దారి చెప్పే కంట్రోలరు కాస్త అటు తిప్పుతాడు, కాస్త ఇటు తిప్పుతాడు. ఇంకో పది నిమిషాలు. దిగాక సంగతి వేరు. ఢిల్లీలో నాలుగు రన్‌వేలున్నాయి. మీరు దిగినది ఒక మూల, ఆగవలసిన టెర్మినల్ ఇంకో మూల అయితే, నేల మీదే పావుగంట తిప్పుతారు. పక్క సీటు పెద్దాయన ఒకసారి నన్ను అడిగారు, ‘రోడ్డు మీదే తీసుకెళ్తున్నారా నాయనా ఊళ్ళోకి?’ అని.

ఇవన్నీ కూడితే, దిగాక ప్రతిసారీ అంతసేపు తిప్పరు కాబట్టి, రెండు గంటల పాతిక నిమిషాల చుట్టూ వస్తుంది. దాని మీద విమానాల కంపెనీలు కొంత కొసరు వేస్తాయి. చెప్పిన వేళకు పదిహేను నిమిషాలలోపు వస్తే సమయానికి వచ్చినట్టే లెక్క కాబట్టి, ఆ లెక్కలో మంచి పేరు రావాలంటే కాలం కాస్త ఎక్కువ రాసుకోవడం వాళ్ళకు లాభం. అందుకే ఒక్కోసారి అరగంట ఆలస్యంగా లేచి కూడా పది నిమిషాల ఆలస్యంతో దిగుతారు. పైలట్ గాల్లో వేగం పెంచి కలిపేశాడని మనం మెచ్చుకుంటాం. నిజానికి అందులో చాలావరకు ముందే దాచిపెట్టిన కొసరే.

1,390 అన్నది పటం మీద గీసిన గీత పొడవు. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదు. ఆకాశంలో దారులున్నాయి, వాటి మలుపులకు అయిదేసి అక్షరాల పేర్లున్నాయి. మనది చెన్నై కంట్రోలు పరిధిలో బయలుదేరి, నాగపూర్ దగ్గర ముంబై పరిధి దాటి, చివరకు ఢిల్లీ పరిధిలోకి వెళుతుంది. గ్వాలియర్, ఆగ్రాలలో వైమానిక దళ స్థావరాలున్నాయి. వాళ్ళ పని ఉన్న వేళ పక్కకు జరగాలి. మొత్తానికి కొన్ని పదుల కిలోమీటర్లు అదనంగా తిరగడం మామూలే.

గాలి సంగతి కూడా చెబుతాను. చలికాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు పోయే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోనాడు వంద నాట్లు దాటుతుంది. మన విమానం పోయేది ఉత్తరానికి, కొద్దిగా పడమర వంపుతో. కాబట్టి ఆ గాలి ఎక్కువగా పక్క నుంచి కొడుతుంది, ముఖం మీద కొట్టేది కొంచెమే. ఎనభై నాట్ల పడమటి గాలి దారంతా ఉందనుకుని లెక్క వేస్తే, వెళ్ళడానికీ రావడానికీ మధ్య తేడా పది నిమిషాలు వస్తుంది. దారి పొడవునా అంత గాలి ఉండదు కాబట్టి అసలు తేడా ఇంకా తక్కువ. పడమర తూర్పులుగా పోయేవాళ్ళకే దీని దెబ్బ. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు నాలుగు గంటలకు దగ్గర, వచ్చేటప్పుడు మూడున్నర. దానికి తోడు అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. మా బాబాయి ఒకాయన టికెట్లు రెండూ పక్కన పెట్టుకుని, వెళ్ళేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలు పడుతోంది, వచ్చే విమానం డొక్కు విమానమయి ఉంటుందని కుటుంబం అందరి ముందూ వాదించాడు. తెనాలి పెళ్ళిలో ఆ వాదన భోజనాల దాకా సాగింది. ఢిల్లీకి ఆ గొడవ లేదు, దేశమంతా ఒకటే గడియారం.

మీ అబ్బాయి విషయంలో నాకు భయమంతా పొగమంచు గురించి. జనవరి రెండో వారం అంటే ఢిల్లీలో దానికి పట్టపగ్గాలుండని కాలం. రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తోందో మీటర్లలో కొలుస్తారు. ఢిల్లీలో అత్యున్నత రకం లాండింగ్ సదుపాయం ఉంది కాబట్టి, తగిన విమానం, అందుకు శిక్షణ పొందిన పైలట్లు ఉంటే యాభై మీటర్లు కనిపించినా దిగవచ్చు. విచిత్రం ఏమిటంటే, లేవడానికి 125 మీటర్లు కావాలి. దిగేటప్పుడు యంత్రమే దింపుతుంది, లేచేటప్పుడు పైలట్ కళ్ళతో చూసి నడపాలి. దాంతో వచ్చినవి వచ్చినట్టు దిగుతాయి, పోవలసినవి పోలేవు, నిలబెట్టడానికి చోటు నిండిపోతుంది. అక్కడ చోటు లేనప్పుడు ఇక్కడ గన్నవరంలో ఉన్న విమానాన్ని కదలనివ్వరు. ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది, విమానం కళ్ళెదురుగా ఉంటుంది, ప్రయాణికులు కౌంటరు దగ్గర అమ్మాయి మీద అరుస్తుంటారు. ఆ అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు.

గన్నవరానికి సొంత మంచు కూడా ఉంది. చుట్టూ వరి పొలాలు, కాలువలు, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోతే తెల్లవారుజామున నేల మీద తెల్లటి దుప్పటి పరచుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున వచ్చే విమానాలు దిగలేక పైన చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి హైదరాబాద్‌కు మళ్ళిపోవడం పేపర్లో మీరూ చదివే ఉంటారు. ఢిల్లీలో ఉన్న సదుపాయం ఇక్కడ లేదు. ఎండ పడి మంచు విడిపోయేసరికి తొమ్మిది దాటవచ్చు. మిమ్మల్ని తీసుకెళ్ళవలసిన విమానం కూడా ఎక్కడి నుంచో రావలసినదేనని మరిచిపోకండి. అది దిగకపోతే మీరు లేవరు.

ఆ రోజుల్లో ఢిల్లీ వెళ్ళే విమానానికి కాగితాలు రాసేటప్పుడు నా చేయి ఎప్పుడూ ఇంధనం వైపే మొగ్గేది. ఢిల్లీ దాకా పోవడానికి కొంత, అక్కడ దిగలేకపోతే జైపూర్‌కో లక్నోకో పోవడానికి కొంత, అన్నిటికీ ఆఖరుగా అరగంట గాల్లో తిరగడానికి కొంత, ఇవి నిబంధన. చలికాలంలో దాని మీద ఇంకాస్త పోసేవాణ్ణి. బరువు పెరిగి ఖర్చవుతుందని పైవాళ్ళు సణిగేవారు. జైపూర్‌లో దిగిన విమానంలో మూడు గంటలు కూర్చున్న ప్రయాణికుడు సణిగే దానితో పోలిస్తే అదేమంత పెద్దది కాదు.

ఇప్పుడు గుంటూరు నుంచి లెక్క వేయండి. బ్రాడీపేట నుంచి గన్నవరం యాభై అయిదు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు, ఎనికేపాడు, నిడమానూరు, కేసరపల్లి. బెంజి సర్కిల్ మీద వంతెనలు వచ్చాక దారి సులువైన మాట నిజమే. అయినా నేను గంటన్నర వేస్తాను. ఒక దసరాకు, మూలా నక్షత్రం రోజున, పటమటలో ఉన్నవాణ్ణి గంట చాలదా అన్న ధీమాతో బయలుదేరి విమానం పోగొట్టుకున్నాను. విమానాల లెక్కలు కట్టి బతికినవాడు రోడ్డు లెక్క తప్పాడని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. దేశంలో తిరిగే విమానాలకు సామాను తీసుకునే కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. గేటు పాతిక నిమిషాల ముందు మూస్తారు. కాబట్టి విమాన వేళకు రెండు గంటల ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. దిగాక సామాను కోసం అరగంట, ఊళ్ళోకి గంట. మీ గుమ్మం నుంచి ఢిల్లీలో చేరవలసిన గుమ్మం దాకా ఏడున్నర గంటలని రాసుకోండి, అన్నీ సవ్యంగా జరిగితే. అందులో విమానం పూర్తి వేగంతో పోయేది మళ్ళీ చెబుతున్నాను, డెబ్బై నిమిషాలే.

ఈ లెక్కలోనే హైదరాబాద్ సంగతి తేలిపోతుంది. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గాల్లో 265 కిలోమీటర్లు, రోడ్డు మీద ఊరి నుంచి ఊరికి 275. చిన్న ఏటీఆర్ విమానమైనా గంటలో దింపేస్తుంది. కానీ ముందూ వెనకా కలిపితే బస్సుకు పట్టేంత కాలమే పడుతుంది. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కే పని ఉంటే తప్ప నేను ఎక్కను.

టికెట్ కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. డైరెక్ట్ అని ఉంటే మోసపోకండి, మధ్యలో ఒకచోట ఆగి అదే నంబరుతో పోయే విమానాన్ని కూడా అలాగే అంటారు. నాన్‌స్టాప్ అని ఉండాలి. హైదరాబాద్ మీదుగా అయితే దూరం 1,530 కిలోమీటర్లు అవుతుంది, పెద్ద తేడా కాదు. మధ్యలో ఆగే గంటలే తేడా. పోయిన వేసవిలో మీ బంధువులు వెళ్ళిన వేళలు చూసి లెక్క కట్టకండి. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం వేళల పట్టిక మొత్తం మారుతుంది. మూడోది, ఢిల్లీలో ఏ టెర్మినల్‌లో దిగుతున్నాడో ముందే తెలుసుకోండి. మూడో టెర్మినల్ అయితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్ చేరవచ్చు. మొదటి టెర్మినల్ దానికి దూరం, అక్కడ మెజెంటా లైను మెట్రో ఉంది. రాత్రి ఎక్కడ బస చేయాలన్నది దీన్ని చూసుకుని నిర్ణయించుకుంటే ట్యాక్సీ డబ్బులు కలిసివస్తాయి.

ముందు రోజు మధ్యాహ్నం విమానమే ఎందుకన్నానంటే, అప్పటికి ఇక్కడా అక్కడా మంచు విడిపోయి ఉంటుంది, పొద్దున పేరుకున్న ఆలస్యాలు కూడా కొంత సర్దుకుంటాయి. సాయంత్రం చివరి విమానం వద్దు. రోజంతా కూడిన ఆలస్యమంతా దాని నెత్తిన పడుతుంది, రాత్రి పది దాటితే ఢిల్లీలో మళ్ళీ మంచు మొదలవుతుంది. స్వెట్టరు, సర్టిఫికెట్లు చేతి సంచిలో పెట్టించండి, పెట్టెలో కాదు.

సీటు అడిగితే కుడివైపు కిటికీ తీసుకోమనండి. మధ్యాహ్నం ఉత్తరానికి పోయే విమానంలో ఎండ ఎడమవైపు కొడుతుంది. కుడివైపు నీడ ఉంటుంది, లేవగానే తూర్పున కొల్లేరు కనిపిస్తుంది, మబ్బు లేకపోతే.